నాలుగో నంబరు సీసా

ఆ రోజు పొద్దున్న ప్రవీణ్ కుమార్ అనుకున్న పని చాలా చిన్నది. ఊళ్ళో ఐదు బోర్ల నీళ్ళు ఐదు సీసాల్లో పట్టి, నంబరు చీటీలు అంటించి, ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టి, మధ్యాహ్నం అమలాపురం ల్యాబులో ఇచ్చి రావడం. అతను మడిచెర్లపాలెం సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటు. రెండేళ్ళుగా పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో 'చెత్త డంపు తరలింపు' అని రాస్తూనే ఉన్నాడు. మండలాఫీసు నుంచి వచ్చే నరసింహమూర్తిగారు దాన్ని కొట్టేసి, ఆ చోట సిమెంటు రోడ్డు రాస్తూనే ఉన్నారు. "డంపు పక్క బోరు పాడైందంటే సరిపోద్దా? కాగితం చూపించవయ్యా" అనేది ఆయన మాట. ఆ కాగితం కోసమే ఈ సీసాలు. డంపు పక్క బోరుది నాలుగో నంబరు.

పదకొండింటికి ప్రణాళిక సమావేశం. నరసింహమూర్తిగారు ఎండనపడి వచ్చారు. సర్పంచి భవానీదేవిగారు, ఆఫీసు ఊడ్చే కాంతమ్మ చేత ఫ్రిజ్‌లోంచి చల్లటి నీళ్ళు తెప్పించి, ఆమెని ఇంటికి పంపేశారు. ఆయన ఒక సీసా గటగటా ఖాళీ చేసి, రెండోది సగం తాగారు. కాగితాలు జిరాక్సు తీయించుకుని అప్పుడే లోపలికొచ్చిన ప్రవీణ్ బల్ల మీది ఖాళీ సీసా తీసి తిప్పి చూశాడు. సీసాలు పొద్దున్న తను నింపి, చీటీలంటించి ఫ్రిజ్‌లో పెట్టినవే. ఇప్పుడు వాటి మీద ఒక్క చీటీ కూడా లేదు.

"సార్... ఆ నీళ్ళు తాగేరాండీ?"

"తాగేను. ఏం, తాక్కూడదా?"

"అవి ల్యాబుకి ఇవ్వాల్సినవండి. వాటిలో ఒకటి డంపు పక్క బోరుదండి. ఏదో మాత్రం ఇప్పుడు తెలీదండి."

నరసింహమూర్తిగారు సీసా వంక చూసి, పొట్ట మీద చెయ్యేసుకున్నారు. "అదే అనుకుంటున్నాను, ఇందాకట్నుంచి ఇక్కడేదో తిప్పుతోంది!"

"నేనూ గ్లాసుడు తాగేనండి" అని భవానీదేవిగారు ప్రణాళిక కాగితాలతో సహా లేచి నిలబడ్డారు.

ఆయన్ని ఆటో ఎక్కించేటప్పటికి 'ఆఫీసరుగారికి నీళ్ళు పడలేద'న్న మాట, వంతెన దాటేటప్పటికి 'విషం తాగేరట' అయింది. ఆరోగ్య కేంద్రం చేరేసరికి ఆయన భార్య ఫోన్లో ఏడుస్తోంది, వాకిట్లో నలభై మంది పోగయ్యారు. డంపు వెనక పేటలో ఉండే యేసురత్నమైతే జనాన్ని తోసుకుని మంచం దాకా వచ్చేసింది. నర్సు ఉప్పూ పంచదార కలిపిన గ్లాసు ఆయన చేతికిచ్చింది. తన ఉద్యోగం ఇవాళ్టితో సరి అనుకుంటూ ప్రవీణ్ గోడకి అతుక్కుపోయాడు.

"ఏ బోరు నీళ్ళండీ?" అని నర్సు అడిగింది.

"డంపు పక్క బోరుది అయ్యుండొచ్చండి" అన్నాడు ప్రవీణ్ నేల చూపులు చూస్తూ.

యేసురత్నం ముందుకొచ్చింది. "అమ్మా, నాలుగేళ్ళుగా మా పేటంతా అవే తాగుతున్నామండి. ఆ గ్లాసు మాక్కూడా ఇస్తారాండీ?"

నరసింహమూర్తిగారు గ్లాసు పక్కన పెట్టి, "సర్పంచిగారూ, ఆ కాగితం ఇలా తెండి" అన్నారు. సిమెంటు రోడ్డు కొట్టేసి, డంపు తరలింపు మొదటి పనిగా రాసి, పేటకి మంచినీళ్ళ కుళాయి రెండోదిగా చేర్చి, మంచం మీదే సంతకం పెట్టారు.

సిరా ఆరకముందే కాంతమ్మ రొప్పుతూ వచ్చింది. "బాబుగారూ! ఆ సీసాల్లో పాత నీళ్ళనుకుని పొద్దున్నే పారబోసేనండి! అన్నీ కడిగి, కొన్న టిన్నులోంచి మంచినీళ్ళే పోసి పెట్టేనండి!"

ప్రవీణ్ పట్టి ఉంచిన ఊపిరి ఒక్కసారిగా వదిలాడు. భవానీదేవిగారు పైకే నవ్వేశారు. నరసింహమూర్తిగారి పొట్ట అక్కడికక్కడే కుదుటపడింది. ముఖం మాత్రం ఎర్రబడింది. చెయ్యి మెల్లగా కాగితం వైపు చాపారు.

"అసలెందుకు పారబోసేవు?" అన్నారు.

"ఒక సీసా మూత తీస్తే కుళ్ళిన గుడ్ల కంపండి. అది మనిషన్నవాడు తాగే నీళ్ళా అండీ?"

యేసురత్నం ఇంకా మంచం పక్కనే నిలబడి ఉంది. ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, గ్లాసులో మిగిలింది తాగేసి, "ల్యాబు కాగితం అక్కర్లేదులే ప్రవీణ్" అన్నారు.

"ఆయ్" అన్నాడు ప్రవీణ్, ఇంతకన్నా ఒక్క మాట ఎక్కువైనా ప్రమాదమేనని.

రెండు నెలల్లో డంపు కదిలింది, పేటకి కుళాయి వచ్చింది. ఆ సచివాలయానికి ఏ అధికారి వచ్చినా ఇప్పటికీ నీళ్ళు ఇంటి నుంచే తెచ్చుకుంటున్నారు.