మెమరీ చాలకపోవడమే మేలు

పాత కంప్యూటర్‌కు కొత్త మెమరీ సరిపడకపోవడం లాంటి మహద్భాగ్యం మనిషి జీవితంలో మరొకటి లేదని ఘంటాపథంగా చెబుతున్నాను. నవ్వకండి. రెండు రోజులు రోడ్ల మీద తిరిగి సంపాదించుకున్న అభిప్రాయం ఇది!

మెమరీ అంటే మరేం లేదు, అందరూ ర్యామ్ అంటారే, అదే. కంప్యూటర్ తన పనులన్నీ పరుచుకుని కూర్చునే చోటు. ఆ చోటు ఇరుకైతే కంప్యూటర్ నెమ్మదిస్తుంది. నెమ్మదిస్తే నష్టమేమిటి? కొండాపూర్‌లోని మా ఫ్లాట్‌లో నేను లాప్‌టాప్ మీట నొక్కి, స్నానం చేసి, ఉప్మా తిని వచ్చేసరికి కూడా తెర మీద ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఈలోపు నాకు రావలసిన కోపం వచ్చి, వెళ్లిపోయి కూడా ఉంటుంది. అందుకే నా వ్యాసాల్లో ఎవర్నీ తిట్టను. వేగంగా నడిచే కంప్యూటర్లు ఉన్నవాళ్లే కదా ఆన్‌లైన్‌లో ఒకరినొకరు పీక్కుతింటున్నది?

సరే, జరిగింది చెబుతాను. మీరే ఒప్పుకుంటారు.

మా అపార్ట్‌మెంట్ కింద సీతాబాయి గారి టైలరింగ్ షాపు ఉంది. వెనక గదిలోనే కాపురం. ఆమె కూతురు వర్షిత ఈ ఏడే డిగ్రీ పూర్తి చేసింది. హైటెక్ సిటీలో కంప్యూటర్లు అమ్మే ఒక కంపెనీలో, కస్టమర్ల సందేహాలు తీర్చే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. శనివారం పొద్దున పదింటికి ఆన్‌లైన్ పరీక్ష. సొంత కంప్యూటర్ మీద, ఒంటరిగా, కెమెరా ఎదుట కూర్చుని రాయాలి. బుధవారం సాయంత్రం ఒక మెయిల్ వచ్చింది. కంప్యూటర్‌లో కనీసం ఎనిమిది జీబీ మెమరీ లేకపోతే పరీక్ష తెరుచుకోదట!

వర్షిత కంప్యూటర్‌లో ఉన్నది నాలుగు. అది ఏదో ఆఫీసువాళ్లు పాతబడిందని తీసేస్తే వీళ్లు తెచ్చుకున్నది.

ఎంత గొప్ప నిబంధన చూడండి! అభ్యర్థి బుర్రలో ఎంత ఉందో తర్వాత చూస్తారు. ముందు డబ్బాలో ఎంత ఉందో చూస్తారు.

"సార్, మీరు దినాం కంప్యూటర్ మీదనే రాస్తరు గద, మీకు ఎర్కనే ఉంటది. జర సూడుండ్రి," అంది సీతాబాయి. తర్వాత గొంతు తగ్గించింది. "ఇప్పటికే రెండు జాగల కాదన్నరు. ఇది గూడ పోతే పిల్ల మనసు నిలువది సార్."

కంప్యూటర్ మీద రాయడం వేరు, దాని గురించి తెలియడం వేరు. కానీ ఆ మాట ఒప్పుకుంటే పరువేం కావాలి?

ముందు నా లాప్‌టాప్ ఇద్దామనుకున్నాను. దాన్లోదీ నాలుగే. పైగా తయారీలోనే మెమరీని బోర్డుకు అతికించేశారు. తీయలేం, మార్చలేం, పెంచలేం. విడాకుల్లేని కాపురం! మా ఆవిడ రసజ్ఞ ఐటీ ఉద్యోగి, ఆమె ఆఫీసు లాప్‌టాప్ మంచిది. అడిగాను.

"ఏవండీ, మా ఆఫీసు లాప్‌టాప్‌లో వేరే కంపెనీ పరీక్ష రాయిస్తే, ఆ తర్వాత పరీక్షలు రాసుకోవాల్సింది నేనే," అంది.

గురువారం పొద్దునే కంప్యూటర్ భాగాలమ్మే షాపుకు బయల్దేరాను. షాపతను "ఏ రకం సార్?" అన్నాడు. "మంచి రకం," అన్నాను. ఇచ్చాడు. తీరా పెట్టబోతే దిగలేదు. ర్యామ్ అంచున చిన్న గాడి ఉంటుంది. తరం మారినప్పుడల్లా ఆ గాడి కాస్త జరుగుతుంది. వర్షిత కంప్యూటర్ మూడో తరం, నేను తెచ్చింది నాలుగోది. బొటనవేలితో గట్టిగా నొక్కబోయాను.

"అంకుల్, ఆగుండ్రి! బోర్డు ఇరుగుతది!" అని అరిచింది వర్షిత.

సాయంత్రం మళ్లీ వెళ్లాను. ఈసారి మూడో తరమే అడిగి తెచ్చాను. తీరా అది లాప్‌టాప్‌లో వేసేదట. సగం పొడవే ఉంది. శుక్రవారం పొద్దున ఇంకో షాపుకు పోయి మూడో తరం, పూర్తి పొడవు, రెండూ నొక్కి చెప్పాను. అది గాడిలో వెన్నలా దిగింది! నేను సీతాబాయి వైపు గర్వంగా చూశాను. వర్షిత మీట నొక్కింది. కంప్యూటర్ కుయ్ కుయ్ కుయ్ అని మూడుసార్లు ఏడ్చింది. తెర నల్లగానే ఉండిపోయింది. అది పెద్ద కంపెనీల సర్వర్లలో వాడే రకమట. చూడ్డానికి ఒకటే, కానీ మామూలు కంప్యూటర్ దాన్ని ఒప్పుకోదట.

నాకు కలిగిన లాభాలు లెక్కించండి. మూడుసార్లు నడక! మూడు పాఠాలు! షాపతనితో స్నేహం! కోరినవెంటనే దొరికితే ఇవన్నీ ఎక్కడివి?

వర్షిత మాత్రం లాభాలేవీ చూడలేదు. కుట్టుమిషన్ పక్కన పీట మీద కూలబడింది. "రేపే పరీక్ష అంకుల్," అంది. అంతే. నన్ను ఒక్కమాట అనలేదు. అందుకే నాకు తల ఎత్తుకోవడం కష్టమైంది.

కాసేపటికి లేచింది. నేను తెచ్చిన ర్యామ్ తీసి పక్కన పెట్టింది. కంప్యూటర్‌లోంచి పాత ర్యామ్ కూడా ఊడదీసింది. దాని మీది చీటీలో ఉన్న అక్షరాలు, అంకెలు కాగితం మీద దించుకుంది. బోర్డు మీద అచ్చువేసిన నంబరు కూడా రాసుకుని, ఎంతవరకు మెమరీ పడుతుందో ఫోన్‌లో వెతికి చూసింది. ఆ కాగితం, పాత ర్యామ్ పట్టుకుని సందు చివర రిపేరు షాపుకు నడిచింది. నేను వెనకాల వెళ్లాను. నిపుణుడిని కదా!

ఆ షాపు మొగిలిది. యాభై దాటిన మనిషి. చుట్టూ విప్పేసిన కంప్యూటర్లు. కాగితం చదివి, కళ్లద్దాలు పైకి జరిపి వర్షితను చూశాడు.

"పాతది సూసి దాని జోడు తేవాల్నని ఎవలు సెప్పిన్రు బిడ్డా?"

"ఎవలు సెప్పలే కాకా. మా అమ్మ కొలత జాకెట్ లేకుంట కొత్త జాకెట్ కుట్టది గద."

మొగిలి పెద్దగా నవ్వాడు. డబ్బాలో వెతికి, అచ్చం అలాంటి ర్యామే తీసి, అంచులు తుడిచి చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి రెండూ పెడితే కంప్యూటర్ ఒక్కసారే కుయ్‌మంది. తెర వెలిగింది. ఎనిమిది! సీతాబాయి కొత్త పెళ్లికూతుర్ని చూసినట్టు ఆ డబ్బా వైపు చూసింది.

శనివారం పరీక్ష తెరుచుకుంది. వర్షిత గంటన్నర తలుపేసుకుని రాసి, నవ్వుతూ బయటికి వచ్చింది.

మంగళవారం ఫలితం వచ్చింది. ఒక్క మార్కుతో పోయింది. కంపెనీవాళ్లు మర్యాదస్తులు, తప్పు రాసిన ప్రశ్న కూడా పంపారు. కస్టమర్ వాడుతున్న ఐదేళ్ల కంప్యూటర్ నెమ్మదించింది. మీరిచ్చే మొదటి సలహా ఏమిటి? వర్షిత జవాబు, ఏ మెమరీ సరిపోతుందో చూసి వేయించుకోమంటాను. కంపెనీ జవాబు, కొత్త మోడళ్ల గురించి చెప్పాలి.

"తప్పేముంది అండ్ల?" అంది సీతాబాయి. "నడుం కాడ బిగిసిందని ప్యాంటు తెస్తే, అవతల పారేసి కొత్తది కొనుక్కొమ్మని పంపుతనా? కుట్టు ఇప్పి లూజు జేస్త. గందుకే గద నా దగ్గరికొచ్చేది!"

కంపెనీ తరఫున ఏదైనా వాదిద్దామని చూశాను. నా మెమరీ కూడా అప్పుడప్పుడూ చాలదు.

వర్షిత రెండు రోజులు కంప్యూటర్ మీట నొక్కలేదు. మూడోరోజు మొగిలే సీతాబాయి షాపు దాకా వచ్చాడు. "నా కండ్లకు ఆ సన్న అక్షరాలు ఆనుతలెవ్వు బిడ్డా. జీతమిస్త. వచ్చి కూసుంటవా?" అన్నాడు. వెళ్లింది. ఇప్పుడు ఏ కంప్యూటర్‌కు ఏది సరిపోతుందో చెప్పడమే ఆమె పని.

మొన్న నా కీబోర్డు బాగుచేయించుకుందామని అక్కడికి వెళ్లాను. నా ముందు ఒకాయన నిలబడి ఉన్నాడు. మెడలో వర్షితను కాదన్న ఆ కంపెనీ ట్యాగు, చేతిలో పాత లాప్‌టాప్. బాగా నెమ్మదించిందట. వర్షిత ట్యాగు వైపు ఒకసారి, ఆయన ముఖం వైపు ఒకసారి చూసింది.

"కొత్తది కొనుక్కోండి సార్. మంచి మంచి మోడళ్లు వచ్చినయ్."

ఆయన ముఖం చిట్లించాడు. "కొత్తదెందుకండీ? ఇది శుభ్రంగా పనిచేస్తోందిగా. సరిపోయే మెమరీ చూసి వేస్తే చాలదూ?"

"చాలు సార్," అంటూ వర్షిత స్క్రూడ్రైవర్ అందుకుంది. "గని ఆ జవాబుకు మార్కులు రావు."