తోక బరువెక్కిన విమానం

ఆకాశం అందరిదీ అన్న మాట కమిటీలు లేని కాలంలో పుట్టింది. ఇప్పుడు ఆకాశానికి ఒక అధ్యక్షుడున్నాడు, ఒక భద్రతాధికారి ఉన్నాడు, తాళం వేసిన గేటు ఉంది, గేటు లోపల అనుమతి లేకుండా పిచ్చుకలు తిరిగే మైదానమూ ఉంది (పిచ్చుకల విషయం పరిశీలనలో ఉంది). వీటన్నిటినీ కలిపి బొమ్మ విమానాల సంఘం అంటారు. రిమోటుతో నడిచే విమానం ఊళ్ళో ఎవరు ఎగరెయ్యాలన్నా ఈ మైదానంలోనే ఎగరెయ్యాలి, మరోచోట ఎగరేస్తే నేరం. ఇక్కడ ఎగరెయ్యాలంటే ముందు సభ్యత్వం కట్టి, ఆపైన ప్రథమ గగనయాన అనుమతి పుచ్చుకోవాలి. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్న సామెత ఎవరు కట్టారో గానీ, ఈ సంఘంలో సభ్యులై ఉండాలి.

పళ్ళ డాక్టరమ్మకి ఈ సంగతి విమానం కట్టేశాక తెలిసింది. కట్టింది ఆవిడొక్కతే కాదు, మేనమామతో కలిసి కట్టింది. ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. కళ్ళలో నీటికాసులు. చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వస్తోందనీ, ఈ ఏడాది దాటి నిలవదనీ కంటి డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆయన దానికి ఏడవనూ లేదు, దేవుణ్ణి తిట్టనూ లేదు. ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి, "మనం చేసిందేదైనా గాల్లో ఎగురుతుంటే ఒక్కసారి చూడాలమ్మాయ్," అన్నాడు.

ఇక చూసుకోండి. క్లినిక్కు వెనక గది కార్ఖానా అయిపోయింది. బెండులాంటి తేలిక చెక్కని ఆయన గీత గీసి కోస్తే, ఆవిడ పళ్ళు తొలిచే మరతోనే దానికి బెజ్జాలు పెట్టింది. లవంగనూనె వాసనా జిగురు వాసనా కలిసిపోయి, పన్ను నొప్పితో వచ్చినవాళ్ళు తలనొప్పితో వెళ్ళారు. ఆయనకి ఇంకా స్పష్టంగా తెలిసే రంగు ఎరుపొక్కటే కాబట్టి ముక్కు నుంచి తోక దాకా ఎరుపే పూశారు. మోటారు తిరిగింది, బ్యాటరీ నిలిచింది, రిమోటు చెప్పినట్టల్లా తోక ఆడింది. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది. ఆ శని ఆదివారం ఉదయాల్లో మైదానంలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

అధ్యక్షుణ్ణి అందరూ కెప్టెన్ గారంటారు (ఆయన జీవితంలో నడిపింది స్కూటరొక్కటే). భద్రతాధికారిని ఈలాయన అంటారు, మెడలో ఈల ఉంటుంది కనుక. పరీక్షలు ఆదివారానికి ఒకటి చొప్పునే జరగాలి, ఎందుకంటే తొందర ప్రమాదకరం. నెగ్గిన ప్రతి పరీక్షకీ విమానం తోక మీద ఒక తెల్ల స్టిక్కరు పడుతుంది. దొంగ స్టిక్కర్లు రాకుండా దాన్ని అట్టలా మందంగా చేయించారు. దొంగ స్టిక్కరు ఎవడికి కావాలని మాత్రం అడగకూడదు.

మొదటి పరీక్ష తూకం. రెక్కల కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తితే విమానం ముక్కు కాస్త కిందికి వంగాలి. చక్కగా వంగింది. ఈలాయన మెచ్చుకుని తోక మీద స్టిక్కరు కొట్టాడు. తరవాత రిమోటు దూరం నుంచి పనిచేస్తుందా అని చూసి ఒకటి, బ్యాటరీ ఉబ్బలేదని ఒకటి, రెక్కల పట్టీలు తిరగాల్సిన వైపే తిరుగుతున్నాయని ఒకటి కొట్టాడు. డాక్టరమ్మ ప్రవర్తన సంతృప్తికరమని కూడా ఒకటి పడింది. అన్నీ అయ్యాక, ఎగరేసేముందు తూకం మళ్ళీ చూడాలని నిబంధన. మళ్ళీ ఎత్తారు. ఈసారి తోక కిందికి జారింది. తోక బరువైన విమానం గాల్లోకి లేవగానే ముక్కు పైకెత్తి కూలిపోతుంది కనుక అనుమతి నిరాకరించారు.

డాక్టరమ్మ ఇంటికెళ్ళి ముక్కులో సీసం ముక్క పెట్టింది. తూకం కుదిరింది గానీ మొత్తం బరువు పెరిగి, విమానం భారీ తరగతిలోకి వెళ్ళిపోయింది. భారీ తరగతికి అదనపు పరీక్షలున్నాయి. వాటికి అదనపు స్టిక్కర్లున్నాయి. అవీ తోక మీదే. ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే గొయ్యి. పాత స్టిక్కర్లు పీకెయ్యనా అంటే, పీకితే నెగ్గిన పరీక్షలన్నీ రద్దవుతాయన్నారు. పోనీ ముక్కు మీద అంటించమంది.

"ముక్కు మీదైతే నేను కూర్చున్న చోటికి కనబడవు కదమ్మా," అన్నారు కెప్టెన్ గారు ఎంతో శాంతంగా.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఎంతమంది పళ్ళు పీకిన చెయ్యి! అయినా తమాయించుకుని, మావయ్యకి చూపు పోతోంది, ఒక్కసారి ఎగరనివ్వండని బతిమాలింది. కెప్టెన్ గారు కరిగిపోయారు. అంత పెద్దాయన చూస్తుండగా విమానం కూలితే ఎంత బాధ, అందుకే మరో రెండు పరీక్షలు కలిపారు. చూపు సరిగా లేనివాళ్ళు మైదానానికి దగ్గరగా కూర్చోకూడదని గుర్తొచ్చి, ఆయన కుర్చీని షెడ్డు పక్కకి జరిపించారు.

ఆ కుర్చీలో ఆయన వారం వారం కూర్చున్నాడు. మొదట్లో గేటు కనిపించేది. తరవాత విమానం ఎరుపు కనిపించేది. తరవాత ఆ ఎరుపుని తెల్ల స్టిక్కర్లు కప్పేశాయి, మిగిలిన కాస్తనీ కళ్ళు కప్పేశాయి. ఈ వారమేనా అని అడగడం మాత్రం ఆయన మానలేదు.

పూర్తి వేగం పరీక్ష రోజు విమానాన్ని షెడ్డు ముందున్న ఇనప స్తంభానికి తాడుతో కట్టి మోటారు గట్టిగా తిప్పారు. ఆ రొదకి షెడ్డు రేకు అదిరింది. కుర్చీలో ఆయన ముఖం పైకెత్తాడు.

"ఎగిరిందా అమ్మాయ్?"

డాక్టరమ్మ తాడు వంక చూసింది, ఆయన వంక చూసింది.

"ఎగిరింది మావయ్యా."

"చప్పుడు మరీ దగ్గరగా ఉందే?"

"నీకోసమే కిందగా తిప్పుతున్నా."

ఆయన ముఖం విప్పారింది. లేని విమానం వెంట మెడ మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగింది. ఆవిడ పెదవి కొరుక్కుంటూ, కన్నీళ్ళు తుడుచుకోకుండా, రిమోటు పట్టుకుని నిలబడింది.

ఎగిరిందన్న మాట ఈలాయన చెవిన పడింది. ఈల మోగింది. సంఘం అక్కడికక్కడే సమావేశమైంది. అనుమతి లేని గగనయానం మీద విచారణ. తాడు కట్టి ఉంది కదండీ అని ఆవిడ అనవచ్చు, ఒక్క మాటతో బయటపడవచ్చు. కానీ పక్కనే కుర్చీ ఉంది. కళ్ళారా చూసిన సాక్షి ఎవరని ఈలాయన అడిగితే, మావయ్య చెయ్యెత్తాడు.

"నేను చూశాను బాబూ. ఎర్రగా, ఎంత బాగా ఎగిరిందో!"

కెప్టెన్ గారు డాక్టరమ్మ వైపు తిరిగి నిజమేనా అని అడిగారు.

"నిజమేనండీ. ఎగరేశాను," అంది ఆవిడ.

సభ్యత్వం రద్దు చేశారు. నేరం జరిగిన తేదీ, వేళ, సాక్షి సంతకంతో సహా మినిట్సులోకి ఎక్కింది. సంఘం పుట్టిన తరవాత అధికారికంగా నమోదైన మొట్టమొదటి గగనయానం అదే.