ఒకే ఒక్క సభ్యురాలు

సోమవారం ఉదయం మొదటి పీరియడ్ మొదలవకముందే ఎల్మ్‌ఫోర్డ్ హైస్కూల్ ప్రిన్సిపాల్ డాక్టర్ రాండల్ ఆస్టర్‌హౌస్ గారు మైకులో ఒక చారిత్రక ప్రకటన చేశారు. రాష్ట్రంలో మరే బడికీ లేనన్ని విద్యార్థి సంఘాలు తమ బడిలో ఉన్నాయనీ, వాటి సంఖ్య గత వారంతో నూట నాలుగుకు చేరిందనీ, శుక్రవారం నాయకత్వ కమిటీ వారు స్వయంగా విచ్చేసి "నాయకుల బడి" అనే బిరుదు ప్రసాదించబోతున్నారనీ సెలవిచ్చారు. చివర్లో "మన బడిలో నాయకుడు కాని విద్యార్థి లేడు" అని, ఒక్క క్షణం ఆగి, "దాదాపుగా" అన్నారు.

ఆ 'దాదాపు' పేరు నోరీన్ పెట్రోస్కీ. పదకొండో తరగతి. ఆ ప్రకటన వినపడే సమయానికి బాయిలర్ రూం పక్క గదిలో మోకాళ్ళ మీద కూచుని ఒక సైకిలుకి చైను ఎక్కిస్తోంది. సైకిలు క్యాంటీన్‌లో వంట చేసే లొరెట్టా బ్యాంక్స్‌ది. తెల్లవారి ఐదున్నరకల్లా ఆమె పొయ్యిలు వెలిగించాలి. ఆ వేళకి బస్సు ఉండదు. సైకిలు చెడిపోయి పది రోజులైంది. అప్పట్నుంచీ పోను మూడు మైళ్ళు, రాను మూడు మైళ్ళు నడుస్తోంది. శుక్రవారం సాయంత్రానికి చేసిస్తానని నోరీన్ మాటిచ్చింది.

ఆ గదికి రోజూ సాయంత్రం నలుగురైదుగురు పిల్లలు వచ్చి ఎవరి సైకిళ్ళు వాళ్ళు, కుదిరితే పక్కవాళ్ళవీ బాగు చేసుకునేవారు. దానికి పేరు లేదు, ఆశయ ప్రకటన లేదు, అధ్యక్షుడు లేడు. పని మాత్రం జరుగుతుండేది. కౌన్సెలర్ హాల్వర్సన్ గారిని బాధపెట్టింది సరిగ్గా ఇదే.

మిగతా పిల్లలు, ఆ గదికి వచ్చేవాళ్ళతో సహా, బుద్ధిమంతులు. కాలేజీ దరఖాస్తులో 'మీరు దేనికి నాయకత్వం వహించారు?' అని ఒక గడి ఉంటుంది. ఏం చేశారని అడిగే గడి ఉన్నా అంత పెద్దది కాదు. కాబట్టి తలా ఒక సంఘం స్థాపించబోయారు, చోటు చాలక ఒక్కో సంఘానికి ముగ్గురేసి అధ్యక్షులు కుదురుకున్నారు. సముద్రానికి పది గంటల ప్రయాణ దూరంలో ఉన్న ఊళ్ళో సముద్ర పరిరక్షణ సంఘం వెలిసింది. వేకువనే లేచేవారి సంఘం మొదటి సమావేశం మూడుసార్లు వాయిదా పడింది, ఎవరూ లేవకపోవడం వల్ల. దయా సంఘానికి మాత్రం ఇద్దరే అధ్యక్షులు, మూడోవాణ్ణి వాళ్ళు రానివ్వలేదు. ఆ ఇద్దరికీ అక్టోబరు నుంచీ మాటల్లేవు.

మంగళవారం హాల్వర్సన్ గారు నోరీన్‌ని పిలిపించి, అధ్యక్షుడు లేని సంఘం నిబంధనల ప్రకారం సంఘమే కాదనీ, సంఘం కానిదానికి గది ఉండదనీ ఎంతో ఆప్యాయంగా చెప్పారు.

"ఎవరో ఒకరు ప్రెసిడెంట్ అయిపోండమ్మా, పోయేదేముంది?" అన్నారు.

"అక్కడ అందరం చేతులకి గ్రీజు పూసుకునేవాళ్ళమే సార్. అందులో ప్రెసిడెంట్ ఏం చేయాలో మాకు తెలీదు" అంది నోరీన్.

గది శుక్రవారం ఖాళీ చేయాలన్న కాగితం ఆయన అప్పటికే టైపు చేయించి ఉంచారు. ఇవ్వబోతుండగా కమిటీ వారి ఫారం వచ్చింది. పదిహేడు గడులు. తొమ్మిదోది సభ్యుల సంఖ్య. కింద చిన్న అక్షరాల్లో, ఏ సంఘంలోనైనా పదవిలో ఉన్నవారిని సభ్యులుగా లెక్కించరాదని ఉంది.

అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్ళెవరని పెద్దలు ఊరికే అనలేదు. బడిలో మూడు వందల పన్నెండు మంది ఉంటే మూడు వందల పదకొండు మంది అందలంలోనే ఉన్నారు. హాల్వర్సన్ గారు ఆ కాగితాన్ని చింపి బుట్టలో వేశారు.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారు పదకొండేళ్ళలో మొదటిసారి బాయిలర్ రూం వైపు దిగారు. గొట్టానికి తల తగిలినా చిరునవ్వు చెదరనివ్వలేదు. నోరీన్ లాంటివాళ్ళే బడికి వెన్నెముక అన్నారు. ఇంత పొగుడుతున్నారంటే ఏదో అడగబోతున్నారని నోరీన్‌కి అర్థమైంది. అడిగారు. నూట నాలుగు సంఘాల్లోనూ చేరాలి, శుక్రవారంలోగా ప్రతి సంఘం సమావేశానికీ హాజరవ్వాలి.

"గది ఉంచుతారా సార్?"

"గది నీదే. నా మాట."

బుధ, గురువారాలు నోరీన్‌కి ఎన్నికల ముందు ఓటరుకి జరిగే మర్యాదలన్నీ జరిగాయి. డోనట్లు తినిపించారు, పిజ్జా పెట్టించారు, ప్రతి సంఘమూ ఒక టీషర్టు తొడిగింది. ఒక్కో సమావేశం నాలుగు నిమిషాలు. సముద్ర పరిరక్షణ అధ్యక్షుడు ప్రెస్టన్ వాండర్‌మీర్ ఆమె బ్యాగు తనే మోస్తూ వెంటపడ్డాడు. "నువ్వు చెయ్యెత్తితే చాలు నోరీన్, అదే మాకు మెజారిటీ" అన్నాడు. ఎత్తింది. తిమింగలాలకు సంతాపం ఏకగ్రీవంగా తెలిపారు.

దయా సంఘంలో ఇద్దరు అధ్యక్షులూ ఒకరినొకరు బహిష్కరిస్తూ చెరో తీర్మానం పెట్టారు. నోరీన్ రెండింటికీ చెయ్యెత్తింది, రెండూ నెగ్గాయి. సాయంత్రానికల్లా ఇద్దరూ చెరో కొత్త దయా సంఘం పెట్టుకున్నారు. అధ్యక్షులు లేని పాతది రద్దవగా మొత్తం సంఖ్య నూట ఐదైందని ప్రిన్సిపాల్ గారు మైకులో అభినందించారు.

ఈ ప్రజాసేవలో సైకిలు ముట్టుకునే తీరిక దొరకలేదు. గురువారం క్యాంటీన్ వరసలో లొరెట్టా ఆమె పళ్ళెంలో బంగాళదుంపలు వడ్డిస్తూ నెమ్మదిగా అడిగింది.

"రేపటికి అవుద్దా తల్లీ? మోకాళ్ళు చెప్పిన మాట వినట్లేదు."

"అవుతుంది మిస్ లొరెట్టా. గేరు తీగ ఒక్కటే మిగిలింది. పావుగంట పని."

ఆ పావుగంటలో వేకువనే లేచేవారి సంఘం ఆఖరికి సమావేశమైంది.

శుక్రవారం కమిటీ వచ్చింది. ముగ్గురు పెద్దలు, అధ్యక్షురాలు శ్రీమతి అబర్నథీ. ఆల్బంలో నూట ఐదు ఫొటోలు, నూట ఐదింటిలోనూ నోరీన్, నూట ఐదు రంగుల టీషర్టుల్లో. "ఎంత వైవిధ్యం" అని శ్రీమతి అబర్నథీ కళ్ళు తుడుచుకున్నారు. హాజరు నూటికి నూరు. అసమ్మతి సున్నా. ఇన్ని సంఘాల్లో నీకు ఏది ఇష్టమమ్మా అని అడిగితే నోరీన్ "బాయిలర్ రూం పక్కది" అంది. హాల్వర్సన్ గారికి దగ్గు వచ్చింది.

ఇంత నిబద్ధత గల అమ్మాయికి ఒక పదవి లేకపోవడం అన్యాయమన్నారు శ్రీమతి అబర్నథీ. ప్రిన్సిపాల్ గారు అన్యాయాన్ని ఒక్క నిమిషం కూడా సహించే మనిషి కాదు. అక్కడికక్కడే 'సభ్యుల సమాఖ్య'ను స్థాపించి, నోరీన్‌ని దానికి అధ్యక్షురాలిగా ప్రకటించారు. మూడు వందల పదకొండు మంది అధ్యక్షులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

నోరీన్ చప్పట్లు అయ్యేదాకా ఆగలేదు. గదికి పరుగెత్తింది. ఆమె సమావేశాల్లో తిరిగిన రెండు రోజుల్లో గది మారిపోయింది. తలుపు మీద ఇత్తడి పలక, దాని మీద ఆమె పేరు. లోపల నీలం తివాచీ, బల్ల, తిరిగే కుర్చీ. పనిముట్లు లేవు. గోడ మీద, అడుగుకొక బోల్టు చొప్పున బిగించి, చక్రాల నుంచి సీటు దాకా బంగారు రంగు పూసిన లొరెట్టా సైకిలు ఉంది. కింద 'నాయకత్వం ముందుకు సాగుతుంది' అని రాసి ఉంది.

"ప్రిన్సిపాల్ గారి మాటంటే మాట. గది నీదే" అన్నారు వెనకే వచ్చిన హాల్వర్సన్ గారు.

నోరీన్‌కి ఒళ్ళు మండిపోయింది. కుర్చీ ఎక్కి బోల్టుని వేళ్ళతో తిప్పబోయింది. గోరు విరిగింది.

"పానా ఎక్కడ సార్?"

"స్టోర్లో. పదవిలో ఉన్నవాళ్ళకి పనిముట్లు ఇవ్వకూడదమ్మా, మర్యాద కాదు. ఎవరైనా సభ్యుడు సంతకం పెడితే ఈ క్షణమే ఇస్తారు."

అప్పటికి లొరెట్టా కోటు వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. గోడ వైపు చాలాసేపు చూసింది.

"సభ్యులెవరున్నారు సార్ ఇప్పుడు?" అంది నోరీన్, కుర్చీ మీద నుంచే.

హాల్వర్సన్ గారు రిజిస్టరు తెరిచారు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేలు పెట్టి చూశారు. మళ్ళీ మొదటి పేజీకి వచ్చారు.

లొరెట్టా కోటు గుండీలు పెట్టుకుంది.

"మంచు మొదలైంది తల్లీ, చీకటి పడేలోగా పోతా. కేకు చేసి ఫ్రిజ్‌లో పెట్టాను. 'అధ్యక్షురాలికి' అని రాయమన్నారు, రాశాను."

నోరీన్ కిందకి దిగేలోపు ఆమె మూడు మైళ్ళ దారి పట్టింది.