నూట ముప్పై ఆరు

వీధిలో అందరూ గడియారాలాయన అని పిలిచే ఆ పెద్దమనిషికి ఆ ఉదయం రెండే పనులు. తొమ్మిదింటికల్లా రిపేరు షాపు తెరవాలి. ఈలోగా నర్సింగ్ మొదటి ఏడాది చదువుతున్న కూతురికి కాసేపు చెయ్యి అప్పగించాలి. పదకొండింటికి ఆ పిల్లకి ప్రాక్టికల్ పరీక్ష.

"కదలకు నాన్నా" అని ఆమె బొటనవేలు ఆయన మణికట్టు మీద గట్టిగా నొక్కి, వాచీ వైపు చూస్తూ లెక్కపెట్టింది. నిమిషం అయ్యేసరికి ఆమె మొహం పాలిపోయింది.

"నూట ఎనిమిది."

"ఎంతుండాలేంటి?"

"వంద దాటకూడదు."

ఆయన అలవాటు కొద్దీ ముందు వాచీనే అనుమానించాడు. అది మెల్లగా నడుస్తోందని తేల్చి, స్వయంగా సరిచేసుకున్న తన వాచీ ఇచ్చాడు. ఈసారి నూట ఇరవై రెండు. ఇరవయ్యేళ్లలో ఆ వాచీ అరనిమిషం తప్పలేదు. అంటే తప్పింది తనే. ఆయనకు ఒళ్లంతా చెమట పట్టింది. గోడ గడియారం చూసి లెక్కపెడితే నూట ముప్పై ఆరు. కూతురు హడలిపోయి "అమ్మా!" అని కేకేసింది.

వంటింట్లోంచి భార్య పరుగెత్తుకొచ్చింది. "ఏవండీ, నిన్న మెట్ల మధ్యలో ఆగిపోయారు కదూ?"

"చెప్పు తెగితే ఆగానే!"

"ఇన్నాళ్లూ ఎప్పుడైనా తెగిందా?" అని ఆవిడ ఏడుపు అందుకుంది.

పై అంతస్తులో ఉండే బావమరిది దిగొచ్చి, "నడవకు బావా, గుండె మీద భారం పడుతుంది" అని ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పక్కింటాయనతో కలిసి ఎత్తాడు. వీధిలోకి దిగే మెట్ల మలుపులో కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. గడియారాలాయనకు చావు కళ్ల ముందు కనిపించింది. ప్రాణభయం ఆయన నోరు విప్పించింది.

"ఏమేవ్, ఈ మాట కడుపులో పెట్టుకుని పోలేను. మీ నాన్నగారి గడియారం ఉందే, దాని లోపలి మిషను మార్చేశాను. అసలుది అమ్మేశాను."

"అవన్నీ ఇప్పుడెందుకండీ! మీరు బతికుంటే చాలు" అంది భార్య వెక్కుతూ.

వీధి చివరి క్లినిక్‌లో పెద్ద నర్సు రెండు వేళ్లతో నాడి పట్టుకుంది. "తొంభై. కుర్చీలో ఊరేగి వచ్చారు కదా, ఆ మాత్రం ఉంటుంది. ఇందులో భయపడ్డానికేం లేదు. నువ్వెలా చూశావమ్మా?"

కూతురు బొటనవేలు చూపించింది.

"బొటనవేలికి దాని నాడి దానికుంటుంది తల్లీ. నువ్వు లెక్కపెట్టింది మీ నాన్నది కాదు, నీది. భయపడేకొద్దీ పెరుగుతూ పోయింది."

గడియారాలాయన గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. కూతురు నవ్వలేక ఏడవలేక, పరీక్ష గుర్తొచ్చి పరుగు తీసింది. భార్య కళ్లు తుడుచుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని, చాలా నెమ్మదిగా అంది.

"ఇంటికెళ్లాక చెబుదురుగాని. మా నాన్న గడియారం మిషను ఎవరికి అమ్మారు?"

ఇంకా చెయ్యి వదలని నర్సు కనుబొమలు ముడిచి, మళ్లీ లెక్కపెట్టింది. "ఇదేంటీ, నూట నలభై!"

ఆవిడ చూసింది మాత్రం బొటనవేలితో కాదు.