జీవమ్మకు వచ్చిన మెసేజీలు

ఆదివారం ప్రార్థనకు పోయేలోగా చిన్న పనొకటి ముగించి, మధ్యాహ్నం కడుపునిండా తిని పడుకోవాలని అజయ్ కుమార్ అనుకున్నాడు. నంద్యాలలో ఒక రక్తపరీక్షల ల్యాబుకు కంప్యూటర్ పనులు చూసేది అతనే. రిపోర్టు తయారైన ప్రతి ఒక్కరికీ "మీ రిపోర్టు వచ్చింది. డాక్టరును కలవండి" అని ఫోనుకు మెసేజీ పోవాలి. పేర్లన్నీ మెమరీలోనే నడిచే డేటాబేసులో 'కీ'లుగా, అంటే వెతికి పట్టుకునే గుర్తులుగా ఉంటాయి. అన్నిటినీ ఒకేసారి అడిగితే ల్యాబు పని మొత్తం స్తంభించిపోతోందని, కొన్ని కొన్నిగా తెచ్చుకుని తనంతట తానే పంపుకుంటూ పోయే ఏర్పాటొకటి చేశాడు. మొదటి గుంపుకు మెసేజీలు వెళ్ళడం కళ్ళారా చూసి, తృప్తిగా చొక్కా తొడుక్కున్నాడు.

చర్చి నుంచి బయటికి రాగానే భార్య ప్రియదర్శిని ఏడుపు మొహంతో నిలబడి ఉంది.

"మొన్న మీ ల్యాబులో రక్తం ఇచ్చొచ్చింది కదా, అమ్మకు డాక్టరును కలవమని మెసేజీ వచ్చిందంట. ఒగటి కాదు, వస్తానే ఉండాయంట."

"అది ఊరికే పంపదు ప్రియా. చేసింది నేనే కదా."

ఆ ముక్కతో ఆమెకున్న కాస్త ఆశా పోయింది. ల్యాబుకు సెలవు, ఫోన్ ఎత్తే దిక్కు లేదు. ఇద్దరూ అత్తగారి ఊరు ఆళ్లగడ్డకు బస్సెక్కారు. దారిలో శిరివెళ్ల దాటేదాకా ఆమె ఏడ్చింది. ఆ తర్వాత అతనూ మొదలుపెట్టాడు.

వాళ్ళు చేరేసరికి జీవమ్మ మంచం హాల్లోకి వచ్చేసింది. పాస్టరుగారు తలాపున బైబిలు తెరిచారు. ఫోను మోగినప్పుడల్లా కొడుకు ప్రేమ్ సాగర్ చూసి "మళ్లా అదే" అంటున్నాడు, చుట్టాలు ఘొల్లుమంటున్నారు.

"మామూలు జబ్బయితే ఒక తూరి చెప్తారు," అంది జీవమ్మ. "ఇన్ని తూర్లు పిలుస్తాండారంటే నాకింక టయిం లేదు. మనసులో ఏదీ పెట్టుకొని పోగూడదు. జ్యోత్స్నా, బేగా ఇట్రా."

కోడలు కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది.

"నువ్వొచ్చినప్పట్నుంచి నీ చేతి పప్పు మింగలేక సస్తాండా. నువ్వు చూడనప్పుడు పక్కింట్లో తింటాండా."

జ్యోత్స్న చెయ్యి కళ్ళ దగ్గరే ఆగిపోయింది.

"అయ్యగారూ, మీ ప్రసంగంలో నేను కండ్లు మూసుకునేది ప్రార్థనకు కాదు." ఆ తర్వాత జీవమ్మ అల్లుడి వైపు తిరిగింది. "అజయ్, నీకు పిల్లనియ్యడం నాకు ఇష్టం లేదప్పా. నీ చేత ఏ పనీ సరిగ్గా కాదనుకున్నా. ఇప్పటికీ అదే అనుకుంటాండా."

మళ్ళీ ఫోను మోగింది. ఈసారి అజయ్ అందుకున్నాడు. మెసేజీలన్నిటి మధ్యా ఒకటే ఎడం. అది విడతకూ విడతకూ మధ్య తాను పెట్టిన ఎడమే. ప్రతి విడతలోనూ డేటాబేసు కొన్ని 'కీ'లతో పాటు, మళ్ళీ ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే అంకె ఒకటి ఇస్తుంది. మరుసటి విడతకు దాన్నే తిరిగివ్వాలి. అతని ఏర్పాటు ప్రతిసారీ సున్నానే ఇస్తోంది. పొద్దుటి నుంచీ అది మొదటి గుంపునే పిలుస్తోంది. ఆ గుంపులో అత్తగారుంది. మిగిలిన జనానికి ఒక్క మెసేజీ కూడా పోలేదు.

ఏడుపులో ఇంతసేపూ తోచని పని ఇప్పుడు చేశాడు: తన ఫోన్లోంచే దాన్ని ఆపి, ఆమె రిపోర్టు తెరిచాడు. ఏ జబ్బూ లేదు.

"అత్తా, నీకేం కాలేదు. తప్పు నాది. నువ్వింకా శానా ఏండ్లు బతుకుతావు."

ఎవరూ సంతోషించలేదు. జ్యోత్స్న వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది. పాస్టరుగారు బైబిలు మూసి చెప్పులు వెతుక్కున్నారు.

జీవమ్మ లేచి కూర్చుని ఆ మొహాలన్నీ ఒక్కొక్కటే చూసింది.

"శానా ఏండ్లా? వీండ్లతోనా?" అంది నీరసంగా. "ఇంగోసారి బాగా చూడప్పా. ఏమన్నా ఉంటాదేమో."

ఆ పూట ఆ ఇంట్లో ఎవరికి వారే వడ్డించుకున్నారు.