సగం బన్జాయ్

కురొనోసె పట్నం మేయరు నిషిగోరి గారి కుడిచేతికి నొప్పి వచ్చిందని పురపాలక సంఘం సోమవారం పొద్దున్నే వీధి స్తంభాల మీది లౌడ్‌స్పీకర్లలో సగర్వంగా ప్రకటించింది. భూకంపానికో తుపానుకో తప్ప నోరు విప్పని లౌడ్‌స్పీకర్లవి. "ప్రజల కష్టాలన్నీ మేయరు గారు తన కుడి భుజం మీద వేసుకున్నారు. ఆ బరువుకి భుజం పట్టేసింది. పౌరులు అర్థం చేసుకోవలసిందిగా మనవి" అన్నాయి. గోల్ఫు మైదానంలో ఇసుకగుంటలోంచి బంతిని లేపబోతే పట్టేసిందని చెప్పుకునే గిట్టనివాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు.

ఆ ప్రకటన వినపడేసరికి మినెగిషి తొకియె వంటింట్లో కుర్చీలో కూర్చుని ఉంది. వెనక నిలబడి ఆమె భర్త గెన్‌జొ జుట్టు దువ్వుతున్నాడు. ఆమె కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసి ఏడాది కావస్తోంది. వరసగా మూడు ఎన్నికల్లో నిషిగోరి గారి ప్రచారవ్యానులో కూర్చుని, తెల్ల గ్లవ్సు తొడుక్కుని, మనిషి కనిపిస్తే మనిషికీ, పొలంలో దిష్టిబొమ్మ కనిపిస్తే దిష్టిబొమ్మకీ ఊపిన చెయ్యి అది. ఈ నాలుగోసారి ఎడమచేత్తో కానిచ్చింది. ఆ చెయ్యి పట్టేసినప్పుడు లౌడ్‌స్పీకర్లు ఏమీ అనలేదు.

"ఊపింది నువ్వు, నొప్పి ఆయనకా?" అన్నాడు గెన్‌జొ.

"ఊరుకోండి. ముడి వదులుగా వేస్తున్నారు."

"నేను చేపలు కోసుకునేవాణ్ణే, మంగలిని కాదు."

నిజానికి మేయరు గారి నొప్పి ముందురోజు ఓట్ల లెక్కింపు అయిన వెంటనే బయటపడింది. గెలిచినవాడు వేదిక మీద రెండు చేతులూ నెత్తిమీదికెత్తి మూడుసార్లు 'బన్జాయ్' అని జేజేలు కొట్టాలి. తాతల నాటి నుంచీ ఉన్న రివాజు. నిషిగోరి గారి ఎడమచెయ్యి లేచింది, కుడిచెయ్యి వేలాడింది. పేపర్లో ఫొటో చూస్తే, గెలిచిన నాయకుడు టాక్సీ ఆపుతున్నట్టుంది.

ఆయన కార్యదర్శి ఉసుయి మేధావి. "మేయరు గారి చెయ్యి పైకి రాదు. కనక ఊరి చేతులు కిందికి రావాలి. అర్థం చేసుకోవడమంటే అదే" అని ప్రెస్ మీట్ పెట్టి తేల్చేశాడు. ఇకనుంచి కురొనోసెలో సగం బన్జాయ్ మాత్రమే. చెయ్యి భుజం దాకా ఎత్తితే మర్యాద, ఆమోదం. భుజం దాటితే వెక్కిరింత.

ఊరు ఎంతో హుందాగా అర్థం చేసుకుంది. పార్కులో ముసలివాళ్లు పొద్దుటి రేడియో వ్యాయామంలో పైకి సాగడం మానేసి ముందుకి సాగారు. రోడ్డు దాటే పిల్లలు చెయ్యి పైకెత్తడం ఆ దేశపు అలవాటు. భుజం దాకా ఎత్తితే పిల్లలు డ్రైవర్లకి కనపడటం లేదని బడి నుంచి ఫిర్యాదు వచ్చింది. ఉసుయి వెంటనే పొడుగాటి పిల్లల్ని ముందు నడిపించమన్నాడు.

మొదట్లో తొకియెకి ఇదంతా బాగానే ఉంది. ఏడాదిగా ఊరితో సమానంగా చెయ్యెత్తలేనిది, ఇప్పుడు ఊరే దిగొచ్చి ఆమెతో సమానమైంది. మేయరు గారికి నొప్పి తెలిసింది కనక ఇక మా నొప్పీ తెలుస్తుంది అనుకుంది, పిచ్చి తల్లి.

ఆమె వారానికోసారి ఊరి ఆసుపత్రి మేడమీది ఫిజియోథెరపీ గదికి వెళ్తుంది. అక్కడ యబుకి అనే పడుచుపిల్ల అందరి చేతులూ చూస్తుంది.

"పిన్నిగారూ, గోడ మీద వేళ్లు నడిపిస్తున్నారా?"

"నొప్పెడితే ఆపేస్తున్నానమ్మా."

"పూర్తిగా ఆపేస్తే ఇంకా బిగుసుకుపోతుంది. ఓర్చుకోగలిగినంత వరకూ రోజూ చెయ్యండి. అలాగని పంతానికి పోయి లాగకండి. ఇది నెలల మీద పని."

తొకియె వంటింటి గోడకి మేయరు గారు పంచిన క్యాలెండరు ఉంది. దాని అడుగు అంచుకి వేళ్లు చేరాయి. పై అంచుకి చేరిన రోజున తన ముడి తనే వేసుకోవచ్చు. ఆమెకి ఇంతకుమించి ఈ ప్రపంచంలో ఏ కోరికా లేదు.

మేయరు గారు మాత్రం ఆ గదికి రాలేదు. తన చెయ్యి మామూలు చేతుల వరసలో కూర్చుంటే మామూలు చేతులు నొచ్చుకుంటాయని ఆయన మొహమాటం. అందుకని అధ్యయన యాత్ర పేరుతో ప్రతి వారం తోక్యోలో ఒక స్పెషలిస్టు దగ్గరికి వెళ్లారు. జనం ముందుకి మాత్రం పట్టుగుడ్డతో చెయ్యి మెడకి కట్టుకునే వచ్చారు.

ఒకరోజు ఉసుయి టేపు పట్టుకుని ఫిజియోథెరపీ గదిలోకి వచ్చి గోడలు కొలవసాగాడు.

"ఏమిటండీ ఇది?" అంది తొకియె.

"శుభవార్తండీ. ఈ గదిలో చేతినొప్పి అవగాహన మందిరం పెడుతున్నాం. మేయరు గారి పట్టుగుడ్డ ఇక్కడ అద్దాల పెట్టెలో ఉంటుంది."

"మరి మా చేతుల మాటో?"

"మీ నొప్పిని ఊరంతా చూసి అర్థం చేసుకుంటుందండీ."

"అర్థం చేసుకుంటే తగ్గుతుందా?"

"తగ్గితే ఇంక అర్థం చేసుకోవడానికేం మిగులుతుంది?" అన్నాడు ఉసుయి ఎంతో ఓర్పుగా.

ప్రజాభిప్రాయం అడగకుండా మేయరు గారు ఏ పనీ చెయ్యరు. ఆ శనివారమే పురపాలక సంఘం హాల్లో సభ పెట్టారు. చేతులు బాగున్నవాళ్లు బేస్‌బాల్ మ్యాచికి పోయారు. వచ్చినవాళ్లంతా ఫిజియోథెరపీ గదివాళ్లే. నూడుల్స్ పిండి పిసికి చెయ్యి పాడుచేసుకున్నాయన, పక్షవాతపు అత్తగారిని ఎత్తీ దింపీ చెయ్యి పాడుచేసుకున్నావిడ, తొకియె. పక్కన తోడుగా గెన్‌జొ.

"మందిరం కావాలనేవాళ్లు కుడిచెయ్యి భుజం దాకా ఎత్తండి. వద్దనేవాళ్లు భుజం పైకి ఎత్తండి. మొహమాటం అక్కర్లేదు" అన్నాడు ఉసుయి.

తొకియె ఎడమచెయ్యి నిటారుగా ఎత్తింది.

"ఎడమచెయ్యి లెక్కలోకి రాదండీ. మేయరు గారి బాధ కుడిచేతిది."

"నా కుడిచెయ్యి లేవదు బాబూ. లేవకే కదా ఆ గదికి వెళ్తున్నాను."

"ప్రయత్నించండి. ప్రజాస్వామ్యం కదా."

తొకియె పళ్లు బిగించి కుడిచెయ్యి ఎత్తింది. యబుకి చెప్పిన హద్దు దాటించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి భుజం ఎత్తుకి వచ్చి ఆగిపోయింది. అటూ ఇటూ చూస్తే హాలు నిండా చేతులు అక్కడే ఆగి వణుకుతున్నాయి. ఒక్క గెన్‌జొ చెయ్యే నిటారుగా లేచింది.

"ఈయన మేయరు గారిని వెక్కిరిస్తున్నారు. బయట కూర్చోబెట్టండి" అన్నాడు ఉసుయి. "మిగిలిన అందరిదీ ఆమోదమే. చాలామంది కంట తడి కూడా పెట్టారు. రాసుకోండి."

వేదిక మీద కూర్చున్న నిషిగోరి గారు ఆనందం పట్టలేకపోయారు. పట్టుగుడ్డ మెడలోంచి జారి కింద పడింది. రెండు చేతులూ నెత్తిమీదికెత్తి మూడుసార్లు బన్జాయ్ కొట్టారు. ఉసుయి వంగి ఆ పట్టుగుడ్డ తీసి, మందిరానికి పనికొస్తుందని జాగ్రత్తగా మడతపెట్టాడు.

సోమవారం పొద్దున్న తొకియె గోడ మీద వేళ్లు నడిపిస్తోంది. ఇక వెళ్లడానికి గది లేకపోయినా గోడ ఉంది కదా అని యబుకి చెప్పి వెళ్లింది. గెన్‌జొ వెనక దువ్వెన పట్టుకుని నిలబడ్డాడు. వీధిలో లౌడ్‌స్పీకర్లు మోగాయి.

"ప్రజలు అర్థం చేసుకోవడం వల్ల మేయరు గారి నొప్పి పూర్తిగా తగ్గింది. ఈ రోజు నుంచి కురొనోసెలో మళ్లీ పూర్తి బన్జాయ్. చెయ్యి భుజం దగ్గరే ఆపేసేవాళ్లని మేయరు గారి వ్యతిరేకులుగా భావిస్తాం."

తొకియె వేళ్లు క్యాలెండరు అడుగు అంచు దగ్గర ఆగి ఉన్నాయి.