రెండు కిలోల అన్యాయం

ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా, కేతేపల్లి పక్కనున్న పిట్టలబండకు ఎట్టకేలకు రోడ్డు వచ్చింది. ఊరోళ్లు పదకొండేండ్ల సంది ఇచ్చుకుంట వచ్చిన దరఖాస్తులను ఒక దిక్కు పెట్టి, పెద్దలు సొంతంగా ఆలోచించి పదకొండు దినాలల్ల వేయించిన రోడ్డు అది. నల్లగ, నున్నగ, అద్దం లెక్క ఉంటది. పొడుగు మూడున్నర కిలోమీటర్లు. పిట్టలబండ కాడ మొదలై, గుట్ట చుట్టు తిరిగి, మళ్ల పిట్టలబండ కాడికే వచ్చి ఆగుతది. ఏ ఊరికీ పోదు. దవాఖానకు పోయేటోళ్లు ఎప్పటి లెక్కనే మట్టిబాటన పోవాలె. కాకపోతే ఇప్పుడు పక్కన రోడ్డును చూసుకుంట పోవచ్చు.

రోడ్డు కార్ల పందేలకు వేసిండ్రు. టూరింగ్ కార్ల పందెమంటే పెద్ద కథేం కాదు. మనం ఇంటి ముంగట నిలబెట్టుకునేటువంటి కారునే తీసుకొని, లోపలి సీట్లు పీకి, సైలెన్సరు గొంతు ఇప్పి, ఎక్కడికీ పోకుండ ఒక్కతాన్నే గిరగిర తిప్పుడు. ఈ ఏడు పందేల కాలం మన జిల్లాలనే మొదలు కావాలని ఏప్రిల్ ఆఖరు శుక్ర, శని, ఆదివారాలు ఖాయం చేసిండ్రు. యాసంగి వడ్లు కోసి ఊరంత కుప్పలు పడి ఉండే రోజులివేనని నిర్వాహకులకు తెల్వదా అని కొందరు గులుగుతరు. అది వట్టి అపనింద. వాళ్లకు వడ్లంటేనే తెల్వదు.

ఆహ్వాన సంఘం అధ్యక్షుడు రఘుపతి శుక్రవారం పొద్దుగాల రిబ్బను కత్తిరించి, గంటన్నర మాట్లాడిండు. "ప్రపంచం గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంతో ముందుకు సాగుతున్నది. పిట్టలబండ వెనుకబడవలసిన అవసరం లేదు. ఎక్కడ ఉన్నామో అక్కడే ఉంటూ ప్రపంచంతో సమానంగా పరుగెత్తగలమని ఈ రోడ్డు నిరూపిస్తుంది" అన్నడు. జనం చప్పట్లు కొట్టిండ్రు. కార్లన్ని యాదగిరిగుట్టకు పోయి వాహన పూజ చేయించుకొని వచ్చినయి. ప్రతి కారుకు ముంగట నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడుతున్నయి. పందెం రూల్ బుక్కుల నిమ్మకాయ నిషేధం ఎక్కడా లేదని ఇద్దరు ఇంజనీర్లు రాత్రంత చదివి తేల్చిండ్రు.

ఇసొంటి చరిత్రాత్మక ఘడియల ఎల్లస్వామి అనే రైతు తన వడ్ల గురించి ఫికర్ చేసుకుంట కూసునుడు సిగ్గుచేటు ముచ్చటనే. కానీ కూసున్నడు. ఊరి కొనుగోలు కేంద్రంల ఆయన కుప్ప పడి పద్దెనిమిది దినాలైంది. ఎండవోసిండు, కాళ్లతోని తిరగేసిండు, మళ్ల ఎండవోసిండు. కేంద్రం నడిపే నవనీత మిషను పెట్టి చూసి, "మామా, తేమ పదహారే ఉన్నది. నీ వడ్లు పాసైనయి" అన్నది. తన పిలగాడు పదో తరగతి పాసైననాడు సుత ఎల్లస్వామి అంత సంబురపడలేదు. కానీ పాసైన వడ్లను నింపాలంటే గోనె సంచులు కావాలె. సంచులేమో లేవు. వచ్చే లారీల వస్తయని పద్దెనిమిది దినాల సంది చెప్తనే ఉన్నరు.

ఆదివారం మాపటికి వాన అని ఫోన్ల చూపెడుతున్నది. పోయిన ఏడు గిట్లనే చెడగొట్టు వాన పడి, కుప్ప మీద పచ్చగ మొలకలొచ్చినయి. ఆ మొలకలను మేకలకు మేపినప్పటి సంది ఆయన పెండ్లాం బిక్షమ్మ మొగులు దిక్కు సూటిగ చూస్తలేదు. వాన పడకముందే వడ్లు సంచుల్లకెక్కి, కాంటా అయి, మిల్లుకు చేరాలె. మొగుడు పెండ్లాల పానమంత ఆ నూట నలభై మూడు బస్తాల మీదనే ఉన్నది.

అప్పుడు దేవుడు కరుణించిండు. దేవుడంటే రఘుపతి. మలుపుల కాడ కార్లు గుద్దుకుంటే దెబ్బ తగలకుండ టైర్లు పేర్చాలె గదా, ఆ టైర్ల లారీ చిట్యాల కాడ ట్రాఫిక్‌ల ఇరుక్కున్నది. రఘుపతి ఒక్క ఫోన్ కొట్టిండు. పద్దెనిమిది దినాల సంది రాని గోనె సంచులు రెండు గంటలల్ల రెండు లారీల నిండ వచ్చినయి. వాటిని ఇసుకతోని నింపుదామంటే ఇసుకకు పర్మిట్టు లేదు. మట్టితోని నింపుదామంటే ఊరి మట్టంత రోడ్డు కిందికే పోయింది. రఘుపతి చుట్టు చూసిండు. ఎల్లస్వామి కుప్ప కనవడ్డది.

"ఏం ఫికర్ చెయ్యకు. నీ వడ్లు మేమే నింపిస్తం. పందెం అయినంక సీదా కాంటా మీదికి, కాంటా మీదికెల్లి లారీల మీదికి. దేశం కోసం మూడు దినాలు నీ వడ్లు మలుపు కాడ నిలబడ్తయి, అంతే" అన్నడు.

ఎల్లస్వామికి పానం లేచొచ్చింది. సంచులను చూసి బిక్షమ్మ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నూట నలభై మూడు బస్తాలు మూడో మలుపు కాడ గోడ లెక్క లేచినయి. బిక్షమ్మ మొదటి బస్తాకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, దండం పెట్టింది. పనిల పనిగ కేంద్రంల వానకు వడ్ల మీద కప్పే తాటిపత్రులు కూడ పట్టుకపోయి పెద్దోళ్లు కూసునే మంచెకు నీడ కట్టిండ్రు. పెద్దోళ్లకు ఎండ తగులుతే జిల్లాకే చెడ్డపేరు గదా.

ఇగ పందేలు షురూ అయినయి. చూసేతందుకు వచ్చిన వేలమంది మూడో మలుపు కాడనే గుమిగూడిండ్రు. ఏదన్న కారు వచ్చి బస్తాలకు గుద్దితే చూడాలని అందరి ఆశ. గుద్దొద్దని మొక్కేది ఎల్లస్వామి ఒక్కడే. కారు రయ్యిమని దగ్గరికి రాంగనే ఆయన ఉండబట్టలేక నెత్తికి చుట్టుకున్న తువ్వాల ఇప్పి, "నిమ్మలంగ పోండ్రి బిడ్డా, నిమ్మలంగ పోండ్రి!" అని ఊపిండు.

ఆ తువ్వాల ఎర్రది. కార్ల పందెంల ఎర్రజెండా ఊపితే పందెం ఆపాలని అర్థం. పద్నాలుగు కార్లు కీచుమని ఆగినయి. పెద్ద సార్లు ఉరుక్కుంట వచ్చి, ఏం ప్రమాదమైందని అడిగిండ్రు. "ఇంక కాలేదు సారూ" అన్నడు ఎల్లస్వామి. శనివారం ఒక్కనాడే పందెం మూడుమార్లు ఆగింది. మనిషిని తరిమేద్దామంటే ఆయన బస్తాలు పట్టుకొని కదలడు. అందుకని నిర్వాహకులు అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఒక పరిష్కారం కనిపెట్టిండ్రు. ఆయనకు మెరిసే పచ్చ కోటు తొడిగి, మెడల కార్డు వేసి, మూడో మలుపు అధికారిగ నియమించిండ్రు. ఆయన ఊపే తువ్వాలను ఎర్రజెండాగ పరిగణించరాదని, నెమ్మదిగ పొమ్మనే సూచనగ భావించవలెనని డ్రైవర్లకు లేఖ పంపిండ్రు.

ఆదివారం అసలు పందెం. పదమూడు కార్లు లేఖ చదువుకున్నయి. మూడో మలుపు రాంగనే బడి ముంగట పోయినట్టు మెల్లగ పోయినయి. పద్నాలుగో కారు కృష్ణకాంత్‌ది. ఈ పిలగాడు నల్లగొండ ముద్దుబిడ్డ అని పేపర్లన్ని రాసినయి. పుట్టెంటుకలు తీయించేనాడు ఒకసారి, ఇప్పుడొకసారి, మొత్తం రెండుమార్లు వచ్చిండు జిల్లాకు. లేఖ చదివే అలవాటు లేదు. తువ్వాల ఊపేటాయన ఎవరో అభిమాని అనుకొని, తాను కూడ చెయ్యి ఊపి, పదమూడు కార్లను ఒక్కసారే దాటేసి, సక్కగ పోయి బస్తాలకు గుద్దిండు.

రెండు బస్తాలు పలిగినయి. వడ్లు అక్షింతల లెక్క జనం మీద పడ్డయి. జనం ఈలలే ఈలలు. ఎల్లస్వామి నోరెళ్లబెట్టి చూస్తుండంగనే, ముంగటి బంపరు సగం అక్కడనే వదిలేసి, కృష్ణకాంత్ కారు లేచి పోయింది. మొదటి నంబరు వచ్చింది. పిట్టలబండల పటాకులు పేలినయి. పలిగిన బస్తాల దుఃఖం మరిచి ఎల్లస్వామి సుత ఎగిరిండు. మన జిల్లా పిలగాడు గదా!

సంబురం అర్ధగంట సాగింది. తర్వాత కారును కాంటా పెట్టిండ్రు. బరువు తక్కువున్న కారు జోరుగ ఉరుకుతదని, కారు పదకొండు వందల కిలోలకు తగ్గొద్దని రూలు. ముందుగాల కారుల ఇరికిన వడ్లను 'చెత్త' అని రాసి ఊడ్చిండ్రు. కాంటా కింద బద్దె పెట్టి మట్టం చూసిండ్రు. గాలి తగలకుండ పరదాలు కట్టిండ్రు. రెండు దిక్కుల మనుషులను సాక్ష్యం నిలబెట్టి, వీడియో తీసుకుంట, మూడుమార్లు తూచిండ్రు. మూడుమార్లూ వెయ్యీ తొంభై ఎనిమిది. రెండు కిలోలు తక్కువ. కృష్ణకాంత్ గెలుపు రద్దు.

ఎల్లస్వామి ఆశ్చర్యమంత కాంటా మీదనే. యాభై ఏండ్ల బతుకుల గిట్ల తూచుడు ఆయన ఎన్నడూ చూడలే. జర భయపడుకుంటనే కారును తూచిన కండ్లద్దాల సారు కాడికి పోయి, "సారూ, నా బస్తా ఒక్కటి సుత పెట్టి చూస్తరా?" అని అడిగిండు. పట్నం సారు, అమాయకుడు, పెట్టిండు. నలభై రెండు కిలోలు చూపెట్టింది.

"బస్తా మీద నలభై అని రాసి ఉంది కదా. ఈ రెండు కిలోలు ఎవరివి?" అని అడిగిండు సారు.

చుట్టున్నోళ్లంత నవ్విండ్రు. నవనీత తల వంచుకొని, "మిల్లోళ్లు నలభై రెండు తూగితేనే నలభై అని తీసుకుంటరు సార్. నేనేం చెయ్యాలె" అన్నది.

"తరుగు సారూ అది. ఎప్పుడూ ఉండేదే" అని బిక్షమ్మ సముదాయించింది.

"రూల్ బుక్కులో ఉందా?"

రఘుపతి అడ్డం వచ్చిండు. "అది రూలు కాదు సార్, సంప్రదాయం. మీ కాంటా మరీ సన్నంగ చూస్తది. కార్లకైతే పనికొస్తది గానీ వ్యవసాయానికి అచ్చిరాదు" అని బస్తాను దింపించిండు.

ఇచ్చిన మాట మాత్రం తప్పలేదు. నూట నలభై ఒక్క బస్తాలు సంప్రదాయం ప్రకారం కాంటా అయి, లారీ ఎక్కినయి. తాటిపత్రులు మంచె మీద కట్టి ఉన్నయి కాబట్టి లారీ నెత్తి మీద ఏమీ కప్పలేదు. మిల్లుల దిగేదాక జిమ్మేదారి రైతుదే అన్న కాయితం మీద ఎల్లస్వామి సంతకం పెట్టిండు. కాయితం మీద ఏమున్నదో చూడలే. ఎందుకంటే అప్పటికే ఊరంత లొల్లి లేచింది. మన పిలగానికి అన్యాయం! రెండు కిలోల కోసం కప్పు గుంజుకుంటరా! పదండి హైవే మీదికి!

కేతేపల్లి కాడ హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద జనం కూసున్నరు. అందరి ముంగట పచ్చకోటు తొడుక్కొని ఎల్లస్వామి. చేతుల అదే ఎర్ర తువ్వాల. ఇప్పుడు దాన్ని చూసి నిజంగనే బండ్లన్ని ఆగినయి. టీవీ అమ్మాయి మైకు పెట్టంగనే ఆయన తువ్వాల ఎత్తిపట్టిండు. "రెండు కిలోలమ్మా! పిలగాడు ఎండల చెమటోడ్చి గెలిస్తే రెండు కిలోలు తక్కువని కోస్తరా? కష్టపడ్డ మనిషికి గింత అన్యాయం ఏ దేశంలనన్న ఉన్నదా? నేను లేవ. ప్రాణం పోయినా లేవ" అన్నడు. ఆ మాటలను దేశమంత విని కండ్లు తుడుచుకున్నది.

మొగులు ఉరిమింది. ఆగిన లారీలల్ల ఒకటి ఊకె హారన్ కొడుతున్నది. ఎల్లస్వామికి కోపమొచ్చింది. "ఏందయ్యా నీ తొందర? న్యాయం కోసం జర సేపు ఆగలేవా?" అని తువ్వాల ఊపుకుంట మీదికి పోయిండు.

"నాకేం తొందర లేదు మామా. వడ్లకున్నది" అన్నడు డ్రైవరు.

అప్పుడే వాన దంచుడు షురూ చేసింది. లారీ ఎనుక పైవరుసల ఉన్న బస్తా మీదికెల్లి పసుపునీళ్లు ధారకట్టినయి. బిక్షమ్మ ముందుగాల చూసింది. "ఏమయ్యా... గా బస్తా మనదే గదా" అన్నది. ఎల్లస్వామి ఉరికిపోయి, ఉన్న ఒక్క తువ్వాలను లారీ మీదికి ఇసిరిండు. తువ్వాల ఒక్క బస్తాకు సుత సరిపోలే. "లేవుండ్రి! బాట ఇడువుండ్రి!" అని మొత్తుకున్నడు. ఎవ్వరు లేవలే. ప్రాణం పోయినా లేవ అన్నది ఆయననే గదా. జనం మాట మీద నిలబడ్డరు.

న్యాయం రెండు గంటలల్ల గెలిచింది. విరిగిన బంపరు ముక్క మూడో మలుపు కాడ పలిగిన బస్తా కింద దొరికింది. తూచితే రెండు కిలోల నూరు గ్రాములు. దాన్ని కలిపి లెక్క కట్టాలని సంఘం ఏకగ్రీవంగ తీర్మానించి, కృష్ణకాంత్‌కు కప్పు తిరిగి ఇచ్చింది. తెల్లారి సన్మాన సభల రఘుపతి మాట్లాడుకుంట, "ఒక్క గ్రాము అన్యాయాన్ని కూడా సహించని గడ్డ ఇది" అన్నడు. ఉద్యమ నాయకుడు ఎల్లస్వామికి శాలువ కప్పిండ్రు. ఫోటోల ఆయన మొహం జర పీక్కపోయి ఉంటది. వానల నానిండు, జలుబు చేసి ఉంటదని పేపర్లు రాసినయి.

కృష్ణకాంత్‌కు కప్పు దక్కిందని చదవంగనే మీకు కూడ మనసు నిమ్మలమైంది గదా. నానిన నూట నలభై ఒక్క బస్తాలకు మిల్లు కాడ ఇంకెన్ని కిలోలు కోసిండ్రన్నది ఏ పేపర్ల రాలేదు. ఎవ్వరు అడగలేదు. మీరు కూడ అడగలేదు.